చెర్నకోల లేని నౌకరి

ఆ ఎండకాలం నౌకరి మా ఇంటికి తనంతట తానే నడుచుకుంట వచ్చింది. ఆంధ్ర, తెలంగాణ ఒక్కటైనంక వచ్చిన మొదటి ఎండకాలమది. కిష్టయ్య పటేల్ ఇంటి జీతగాడు ఇత్తడి పళ్లెం పట్టుకొని తాండూరు అవుతల మా గుడిసె ముందర నిలవడ్డడు. పళ్లెంల తమలపాకులు, వక్కలు, ఎర్ర రుమాలు, కొత్త దోతి. వాటి మీద పాము లెక్క చుట్టి పెట్టిన చెర్నకోల.

"అంజిలయ్యా, పటేల్ నిన్ను గనికి మేస్త్రిని చేసిండు. రేపు పొద్దుగాల రుమాలు చుట్టుకొని రమ్మన్నడు" అన్నడు.

మా అత్త బుగ్గమ్మ ఎదురువోయి రెండు చేతులతోటి పళ్లెం అందుకున్నది. ఆమె మొఖం అట్ల వెలగంగ చూసి మస్తు దినాలైంది. మేము కురుమోళ్లం. చలికాలంల మందకు రోగం తగిలి గొర్లు నిలవడ్డకాడనే కూలిపోయినయి. అప్పటిసంది నా పెనిమిటి అంజిలయ్య, నేను పటేల్ నాపరాళ్ల గనిలకే పోతున్నం. ఆయన సమ్మెటతోటి బండ పగులగొట్టేటోడు, నేను తట్టలు మోసేదాన్ని.

"మేస్త్రి అంటే ఏం పని?" అని అడిగిన జీతగాన్ని.

"ఎరుకలేనట్టు అడుగుతవేందమ్మా? పని చేయించుడు."

"దేంతోటి?"

ఆడు నవ్విండు. చెర్నకోల దిక్కు ఒక్కసారి చూసి పోయిండు.

ఆ చెర్నకోల జంగప్పది. నిన్నమొన్నటిదాక ఆయనే మేస్త్రి. సేడం దిక్కు నుంచి వచ్చిన మనిషి. తిట్టుడు కన్నడంల తిట్టేటోడు, కొట్టుడు మాత్రం అందరికి తెలిసిన భాషల కొట్టేటోడు. హోళీ పండుగ పోయినంక ఒక మధ్యాహ్నం గని గోడ నీడకు తువ్వాల పరుచుకొని పండుకున్నడు. పైనుంచి ఒక బండ వచ్చి తలకాయ మీద పడ్డది. మేము ఉరికిపోయి చూసేవరకు కాళ్లు ఒక్కతీరుగ కొట్టుకుంటున్నయి, పైన బండ మాత్రం కదలకుండ ఉన్నది. బండ జారిందని అందరం అన్నం. ఎవ్వలం ఏడువలేదు.

అంజిలయ్య చెర్నకోల చేతులకు తీసుకొని ఒక్కసారి గాల్ల ఇసిరిండు. ఆ సప్పుడుకు కుక్క మంచం కిందికి దూరింది. నాకు ఈపు మీద తోలు దానంతట అదే ముడుచుకున్నది. జంగప్ప ఏసిన వాత ఆడ ఇంకా పచ్చిగనే ఉండె.

"పటేల్ పిలిచి ఇచ్చిండు. వద్దంటే ఈ తాండూరుల బతుకనిస్తరా?" అన్నది మా అత్త.

"నేను వద్దంటే ఇంకొకనికి ఇస్తడు. ఆడు కొడ్తడు" అన్నడు అంజిలయ్య మెల్లగ. ఆయనను ఎందుకు పిలిచిన్రో మాకు తెలుసు. వెనుక ఒకసారి అనంతగిరి గుట్టల కాడ మంద మీద పడ్డ తోడేలు నోట్ల గొంగడి చుట్టిన చెయ్యి పెట్టి, రెండో చేత్తోటి దాని మెడ ఇరిచిండు. ఆ సుద్ది చుట్టుపక్కల ఊర్లకు పాకింది. ఆ చేతులను చూస్తెనే జనం భయపడ్తరని పటేల్ లెక్క.

"వద్దనకు. అడుగుదాం" అన్న నేను.

"పటేల్ను అడుగుతరా ఎవలన్న?"

"సంతల గొర్రెను కొంటె నోరు తెరిచి పండ్లు చూడవా? ఇది గూడ గంతే."

*

పటేల్ ఇంటి అరుగు మొత్తం మా చేతులతోటి తీసిన బండలే. నున్నగ, సల్లగ ఉన్నయి. మేము అరుగు కింద ఎండల నిలవడ్డం. పటేల్ తమ్ముడు బాల్‌రాజ్ దిమ్మె మీద కూసోని కుక్కకు బొక్కలు ఏస్తున్నడు. ఆయనను మేము చిన్నపటేల్ అనేటోళ్లం.

"రుమాలు కట్టుకోలేదేం అంజిలీ?" అన్నడు పటేల్.

అంజిలయ్య చెర్నకోల తీసి అరుగు అంచుకు పెట్టిండు. "నౌకరి చేస్త పటేలా. గిది మాత్రం వద్దు."

చిన్నపటేల్ పకపక నవ్విండు. "తోడేలు నోట్ల చెయ్యి పెట్టినోనివి, తోలుముక్కకు భయపడ్తివారా?"

అంజిలయ్యకు మాటలు రావు. గొర్లతోటి ఎంతసేపైన మాట్లాడ్తడు గాని మనుషుల ముందర నాలుక మడతపడ్తది. నేను కొంగు నడుముకు చెక్కి ముందటికి వచ్చిన.

"నీ బాంచెన్ పటేలా, జర ఇను. కొడ్తె మనిషి దెబ్బ దిక్కు చూస్తడు, బండ దిక్కు చూడడు. జంగప్ప కొట్టినన్ని దినాలు బండలు పగుళ్లు వట్టినయి. కొట్టకుండ చూడు, ఎట్ల వస్తయో."

"ఆడిది మాట్లాడుతున్నదేందిరా?" అన్నడు పటేల్.

"ఆమెకు నోరున్నది పటేలా, నాకు చేతులున్నయి" అన్నడు అంజిలయ్య.

పటేల్‌కు ఆ మాట నచ్చినట్టున్నది. తమలపాకు తుడుచుకుంట "ఇంకేం కావాలె?" అన్నడు. మిట్టమధ్యాహ్నం ఎండ దిగేదాక నీడకు కూసోనియ్యాలె అన్న. సరే అన్నడు. కడుపుతోటి ఉన్నోళ్ల తలకు బండ ఎత్తొద్దు అన్న. దానికి ఆకుకు సున్నం రాసి, మడిచి, సరే అన్నడు. బేరం కుదురుతుందని ధైర్యమొచ్చి, లోపల దాచుకున్న మాట, గనిల ఆడోళ్లందరి మాట గూడ అన్న.

"చిన్నపటేల్ గనిలకు దిగొద్దు."

అన్నంక ఏమైందో నాకు కనవడలేదు. నుదురు మీద ఇత్తడి చెంబు పడ్డది. కండ్లల్లకు నెత్తురు కారింది. అంజిలయ్య అడుగు ముందటికి ఏస్తుంటె నేను ఆయన నడుము పట్టుకొని ఆపిన.

"కూసోరా" అన్నడు పటేల్ తమ్మున్ని. గొంతు పెంచలేదు, నా దిక్కు చూడలేదు. "ఆడు దిగడు. నా మాట. ఇగ నా దిక్కు ఇనుండ్రి. వానలు పడేదాక పని ఆగొద్దు. టేషన్ల బోగీలు ఎదురుచూస్తయి. ఇంకొకటి. జంగప్పను చంపినోని పేరు నాకు కావాలె."

"బండ జారిందన్నరు గద?" అన్నడు అంజిలయ్య.

"బండలకు కాళ్లుండయి. తెలిసిననాడు నాకు చెప్పాలె."

"తెలిస్తె గద పటేలా."

ఆ మాటను పటేల్ ఒప్పుకోలు అనుకున్నడు. నా పెనిమిటేమో, 'కాదనే చెప్పిన' అనుకున్నడు. ఇద్దరు సంతోషంగనే విడిపోయిన్రు. నేను కొంగుతోటి నుదురు అదుముకొని ఇంటికి వచ్చిన.

*

చెర్నకోల లేని గని ఎట్ల ఉంటదో మేమెవ్వలం అంతకుముందు చూడలేదు. మొదటి దినాలల్ల అంజిలయ్య దగ్గరకు వస్తెనే ఈపులు వంగేటియి. ఆయన వచ్చి, వాళ్ల చేతులకెల్లి సమ్మెట తీసుకొని, నాలుగు దెబ్బలేసి, "జర నీళ్లు తాగి రా" అనేటోడు. మెల్లగ ఈపులు లేచినయి. బండలు గూడ లేచినయి, తలుపు రెక్కలసొంటియి, ఒక్క పగులు లేకుండ. ఎడ్లబండ్లు టేషన్‌కు పోతుంటె చక్రాల సప్పుడు పొద్దందాక ఇనవడేది. పటేల్ ఒక దినం గని ఒడ్డుకు వచ్చి కిందికి చూసి పోయిండు.

మర్పల్లి దిక్కు నుంచి వచ్చిన మత్తయ్య, ఆయన భార్య ఇంద్రమ్మ మాతోటే పనిచేసేటోళ్లు. ఇంద్రమ్మ సన్నటి మనిషి, మాట తక్కువ. చలికాలంల ఆమె కడుపుతోటి ఉండె. తట్ట దించుకొని ఊపిరి తీసుకుంటుంటె జంగప్ప వచ్చి తన్నిండు. పిండం గనిలనే పోయింది. మేము ఆడోళ్లం చీరలు అడ్డం పట్టినం. ఆమె ఒక్క అరుపు గూడ అరువలేదు.

ఒక మధ్యాహ్నం నీడకు కూసోని అంబలి తాగుతుంటె ఆమె నా దిక్కు జరిగింది.

"జంగమ్మక్కా, మీ ఆయన మేస్త్రి అయినంక నాకు నిద్ర పడ్తలేదు."

"గదేంది?"

"కొట్టినన్ని దినాలు నిద్ర పట్టేది. జంగప్ప మీదికి బండ తోసింది నేనే అక్కా. గడ్డపార ఏసి లేపిన. చిన్నగనే కదిలింది. నేననుకున్నంత బరువు లేకుండె."

నేను అంబలి ముంత కింద పెట్టిన. ఆమె ముంత కడిగి బోర్లించి, తట్ట ఎత్తుకొని పోయింది. మత్తయ్యకు గూడ తెలువదని పోయేముందు చెప్పింది.

మాపటికి రొట్టె చేసుకుంట అంజిలయ్యకు చెప్పిన. ఆయన రొట్టెల ఉల్లిగడ్డ పెట్టి చుట్టుకుంట మొత్తం ఇన్నడు. ఇని, "గాలి మస్తుగున్నది. నువ్వేమన్నవో ఇనవడలె" అన్నడు. ఆకు గూడ కదులని మాపు అది. నేను మళ్ల చెప్పలేదు.

*

వైశాఖంల ఒక పగటిపూట చిన్నపటేల్ బాల్‌రాజ్ గనిలకు దిగిండు. వెనుక కట్టెలు పట్టుకొని నలుగురు. కల్లు కంపౌండ్‌ల మత్తయ్య తాగి, "జంగప్ప సచ్చుడే మంచిగైంది" అన్నడట. ఆ మాట చిన్నపటేల్ చెవిల పడ్డది.

ఆయన ఎవ్వలను ఏమి అడుగలేదు. మత్తయ్యను గుంజుకపోయి ఎడ్లబండి చక్రానికి చేతులు, కాళ్లు కట్టేపిచ్చిండు. అరుగు మీద మేము వదిలిపెట్టి వచ్చిన చెర్నకోల ఆయన చేతుల ఉన్నది. మొదటి దెబ్బకు అంగీ చినిగింది, రెండోదానికి తోలు చినిగింది. తర్వాత దెబ్బలకు చినుగుడు సప్పుడు గూడ రాలే, తడిబట్ట బండకు కొట్టినట్టు ఇనవడ్డది. కాడి కింద ఎడ్లు బెదిరి ముందటికి గుంజినయి. చక్రం తిరిగి మత్తయ్య తలకిందులైండు. చిన్నపటేల్‌కు అది ఇంకా బాగనిపిచ్చింది.

"చంపింది నువ్వే అను. అంటె ఇడుస్త."

"నేను కాదు దొరా! నా పిల్లల మీద ఒట్టు!"

ఇంద్రమ్మ తలమీద తట్ట అట్లనే ఉన్నది. దించాలని గూడ ఆమెకు యాదికి లేదు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్తదో నాకు తెలుసు, నా పక్కన నిలవడ్డ నా పెనిమిటికి తెలుసు. ఆ మాట బయటికి రాకముందే అంజిలయ్య చక్రానికి, చెర్నకోలకు నడుమ పోయి నిలవడ్డడు.

"చిన్నపటేలా, నువ్వు గనిలకు దిగవని మాట ఉన్నది."

"ఇచ్చింది మా అన్న. నేను కాదు."

"నౌకరి ఇచ్చింది గూడ మీ అన్ననే. గని నాకప్పజెప్పిండు. మత్తయ్యను ఇడువు."

చెర్నకోల అంజిలయ్య మొఖం మీద పడ్డది. చెవికెల్లి గదుమదాక ఎర్రటి గీత లేచి నెత్తురు బొట్లు బొట్లుగ పడ్డది. ఆయన కదులలేదు. రెండోసారి ఇసిరినప్పుడు చెయ్యి అడ్డం పెట్టిండు. తోలు చేతికి చుట్టుకున్నది. ఒక్క గుంజు గుంజిండు. చిన్నపటేల్ మోకాళ్ల మీద పడ్డడు. ఆయన చెయ్యి పట్టుకొని అంజిలయ్య వెనుకకు మలిపిండు, ఎండిన తుమ్మకొమ్మ ఇరిగినట్టు సప్పుడైంది. చిన్నపటేల్ పెట్టిన కేక గని గోడలకు తగిలి మళ్లమళ్ల వచ్చింది.

కట్టెలోళ్లు నలుగురు ముందటికి రాబోయిన్రు. గనిల ఉన్న మొగోళ్లు సమ్మెటలు పట్టుకొని లేచిన్రు. ఎవ్వలు అరువలేదు, తిట్టలేదు, ఉత్తగ లేచి నిలవడ్డరు. ఆ నలుగురు చిన్నపటేల్‌ను ఎత్తుకొని పైకి ఎక్కిన్రు.

మత్తయ్య కట్లు ఇప్పుకుంట అంజిలయ్య నాతోటి ఒక్కటే మాట అన్నడు. "నౌకరి పోయినట్టే."

నౌకరితోటి పోతే మంచిగుండు.

*

పొద్దుగూకకముందే జీపు, దాని వెనుక రెండు బండ్లు వచ్చినయి. ఇరువై మందికి తక్కువ లేరు. కట్టెలు, గొడ్డళ్లు. ఎవ్వలో గుడిసె మీద అగ్గి ఏసిండు. ఎండిన గడ్డి గుప్పుమని అంటుకున్నది. కొరివికట్టె పట్టుకొని మా అత్త వాళ్ల మీదికి ఉరికింది. ఒకడు ఆమె నోటి మీద కట్టెతోటి కొట్టిండు. పండ్లు రాలినయి, అయిన ఆమె వాని కాలు పట్టుకొని ఇడువలేదు. నా జుట్టు ఒకని చేతుల ఉన్నది.

అంజిలయ్య ముగ్గురిని పడగొట్టిండు. నాలుగోడు వెనుకకెల్లి మోకాలు మీద కొట్టిండు. ఇగ అందరు మీద పడ్డరు. గుంజుకొచ్చి, మేము బట్టలుతికే బండ ముందర కూసోబెట్టి, కుడిచెయ్యి బండ మీద పరిచిపెట్టి, ఒకడు మోకాలుతోటి అదిమిండు. ఒకని చేతుల గనిల సమ్మెట ఉన్నది.

చిన్నపటేల్ జీపుల కూసున్నడు. ఇరిగిన చెయ్యి మెడకు కట్టి ఉన్నది. నొప్పికి మొఖం తెల్లగైంది. మాట మాత్రం మెల్లగనే అన్నడు.

"జంగప్పను చంపిందెవలు? చెప్తె చెయ్యి ఉంటది."

అంజిలయ్య నా దిక్కు చూసిండు. చెప్పాల్నా అని అడిగిన చూపు కాదు. నువ్వు చెప్పకు అన్న చూపు.

పేరు నా నాలుక మీదనే ఉన్నది. మూడు అక్షరాలు. ఇప్పటికీ ఎవలన్న ఆ పేరు పిలిస్తె నోట్ల ఉప్పగైతది, ఎందుకంటె ఆ పొద్దు నాలుక కొరుక్కొని నోరంత నెత్తురు చేసుకున్న.

సమ్మెట పడ్డది. అంజిలయ్య అరిచిండు. మళ్ల అడిగిన్రు. మళ్ల పడ్డది. వేళ్లు ఒక్కొక్కటి వేరుగ కనవడకుండ అయిపోయినయి. "చెప్పు బిడ్డా, తెలిస్తె చెప్పు, నా కొడుకును ఇడువమను!" అని మా అత్త పగిలిన నోటితోటి మొత్తుకుంటున్నది. ఆమెకు ఏం తెలువదు. ఎడమచెయ్యి పట్టిన్రు. అప్పటికి ఆయన అరుచుడు ఆగింది. తలకాయ వేలాడవడ్డది.

"వీనికి తెలువదు కావొచ్చు" అన్నడు సమ్మెట పట్టినోడు. వాని గొంతుల ఏదో తేడా వచ్చింది.

"అయితె ఏంది? కొట్టు" అన్నడు చిన్నపటేల్.

*

గొంగడిల చేతులు చుట్టి, రైలెక్కిచ్చి వికారాబాద్ దవాఖానకు తీసుకపోయినం. డాక్టర్ కత్తిరించినంక కుడిచేతికి బొటనవేలు మిగిలింది. ఎడమ చేతికి అది గూడ మిగలలే. ఠాణాకు పోదామని కొందరన్నరు. నేనే వద్దన్న. ఠాణా మెట్లెక్కితె ముందుగల జంగప్ప సావు బయటికి తీస్తరు. పటేల్ గూడ పోలేదు. తమ్ముడు చేసింది బయటపడ్తదని ఆయన భయం ఆయనది.

ఇంద్రమ్మ ఒక్కతే రైలెక్కి వచ్చింది. అంజిలయ్య చేతులకు చుట్టిన బట్టలను చూసి గోడకు ఒరిగింది.

"పటేల్ కాడికి పోయి చెప్పేస్త అక్కా. నేనే అని చెప్పేస్త."

"చెప్తె ఈయన వేళ్లు మొలుస్తయా?" అన్న. నాకు కోపం వచ్చింది. అప్పటిదాక ఏడుపు రాలే, కోపం రాలే, ఆమెను చూస్తెనే వచ్చింది. "గింత పెట్టి కొన్నదాన్ని ఉత్తగ పారేస్తవా? నోరు మూసుకొని బతుకు."

ఆమె నా కాళ్ల మీద పడబోతే లేపి, పక్కన కూసోబెట్టుకొని, నా పళ్లెంల అన్నమే తినిపిచ్చిన. గని సుద్ది ఆమెనే చెప్పింది. ఆ దినం నుంచి ఒక్కరు గూడ గనిలకు దిగలేదట. పటేల్ మనుషులు ఇంటింటికి పోయి కట్టెలు చూపిచ్చిన్రు. జనం ఒడ్డుదాక వస్తున్నరు, ఒడ్డున కూసుంటున్నరు, కిందికి మాత్రం దిగుతలేరు. టేషన్ల బోగీలు ఉత్తగనే మలిపిచ్చిన్రట.

గుట్టల మీద మబ్బులు కనవడ్డ దినం పటేల్ వచ్చిండు. దవాఖాన వరండల నేను కింద కూసోని ఉన్న. ఎప్పుడైన ఆయనను చూస్తె లేచి నిలవడాలె. ఆ పొద్దు నా కాళ్లు లేవలేదు. ఆయన నిలవడే ఉన్నడు.

"మా తమ్ముడు బుద్ధి లేనోడు" అన్నడు.

నేను లోపల మంచం దిక్కు చూసిన.

"వాన పడ్డదంటె గని నిండుతది. పని చలికాలం దాక పోతది. నువ్వు దిగితె దిగుతమంటున్నరు జనం. ఇంకెవని పేరు చెప్పినా ఇంటలేరు. మేస్త్రి పని నువ్వే చెయ్యి."

"చిన్నపటేల్ తాండూరుల ఉండొద్దు."

"నా రక్తం, జంగమ్మా."

"నా పెనిమిటిది గూడ రక్తమే. బండ మీద ఇంకా ఉన్నది. పోయి చూడు."

పటేల్ మెడ మీద చెమట తుడుచుకున్నడు. గుల్బర్గ దిక్కు మా మేనమామ ఉన్నడు, ఆడికి పంపిస్త అన్నడు. పంపుడు కాదు, మళ్ల రావొద్దు అన్న. సరే అన్నడు. సమ్మెట పట్టినోడు, చేతులు అదిమినోళ్లు గని ఒడ్డున కనవడొద్దు అన్న. దానికీ సరే. మా ఇల్లు మళ్ల లేపాలె, ఈసారి గడ్డితోటి కాదు అన్న.

"మొదటిసారి ఒప్పుకున్నవన్నీ గూడ ఉన్నయి పటేలా. ఇవన్నీ ఈడ కాదు, గని ఒడ్డున అందరి ముందర నీ నోటితోటి చెప్పాలె. అరుగు మీద ఇచ్చిన మాట ఏమైందో చూసినం."

అది ఆయనకు అన్నిటికంటె కష్టమైంది. వరండ ఆ కొసకు పోయి, మబ్బుల దిక్కు చూసి, తిరిగి వచ్చిండు.

"చెప్త. అందరి ముందర చెప్త. కాని నాది ఒక్కటున్నది. నీకు తెలుసని నాకు తెలుసు. జంగప్పను ఎవలు చంపిన్రు? పేరు నా చెవుల ఏసి పో. నేనేం చెయ్యను. తెలిస్తె చాలు."

ఇంద్రమ్మ నాకు మూరెడు దూరంల కూసోని, అంజిలయ్య గుడ్డలు పిండుతున్నది. ఆమె చేతులు ఆగినయి.

"బండ జారింది పటేలా" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. నేను గూడ చూసిన. లోపల అంజిలయ్య మూలుగు ఇనవడ్డది.

"ఇగ మీద జారకుండ చూసుకుంట. గదే గద మేస్త్రి పని" అన్న.

పటేల్ రుమాలు సవరించుకొని మెట్లు దిగి పోయిండు. ఇంద్రమ్మ మళ్ల గుడ్డలు పిండింది.

చిన్నపటేల్‌ను గుల్బర్గ రైలెక్కిచ్చినంక, పటేల్ గని ఒడ్డున నిలవడి షరతులు చెప్పిండు. గొంతు చిన్నగ చేసి చెప్తుంటె, "ఇనవడలె పటేలా, జర పెద్దగ చెప్పు" అని మత్తయ్య వెనుకకెల్లి అన్నడు. ఆయన ఈపు మీద పుండ్లు ఇంకా మానలేదు. పటేల్ మళ్ల మొదటికెల్లి పెద్దగ చెప్పిండు. అప్పుడు నేను దిగిన. నా వెనుక అందరు దిగిన్రు.

*

ఎక్కువ దినాలు పని చెయ్యలేదు. మిరుగు కార్తె పోకముందే వాన పట్టుకొని, గని నిండింది. పటేల్ లేపిచ్చిన కొత్త ఇంట్ల, బండల కప్పు కింద మేము ముగ్గురం కూసున్నం.

అంజిలయ్య ఇంటికి వచ్చినంక గోడ దిక్కు తిరిగే కూసునేటోడు. నేను బుక్క కలిపి నోటికి అందిస్తె ఒకసారి పళ్లెం తన్నిండు. ఒకసారి నన్నే తన్నిండు. మా అత్త అడ్డం వచ్చి, "నీ చేతులు పోయినయి గని నీ బుద్ధి పోలేదు గదరా!" అని బోసినోటితోటి తిట్టింది. తర్వాత ఆయన పొద్దంత ఏమి తినలేదు. మాపటికి నోరు తానే తెరిచిండు.

వాన తెరిపియ్యని ఒక పొద్దున, నేను జొన్నలు చెరుగుతుంటె ఆయన గోడ దిక్కు కెల్లి లేచి ఇటు తిరిగిండు.

"గని మళ్ల తెరిసినంక నాకేమన్న పని ఉంటదా, మేస్త్రీ?"

ఎక్కిరిస్తున్నడా అని మొఖంలకు చూసిన. లేదు. కూలి కోసం వచ్చిన మనిషి నిలవడ్డట్టే నిలవడ్డడు.

"ఏం పని చేస్తవు?"

"ఎడ్లను తోల్త. బండలు గుంజే ఎడ్లు. పగ్గం మెడకు ఏసుకుంట. నేను నోటితోటి చెప్తె ఇంటయి."

"ఇంటయి" అన్న. ఇంటయని నాకు తెలుసు.

"నాది ఒక్క షరతున్నది."

"చెప్పు."

"నన్ను చూసి ఎవ్వలు అయ్యో అనొద్దు."

నేను చాట కింద పెట్టిన. "నేను గూడనా?"

"నువ్వు ముందుగల" అన్నడు.